టైరులో గాలి, ఇంట్లో భద్రత: బండి ఉన్న ప్రతి ఇంటికీ కొన్ని చిట్కాలు

చాలా ఇళ్లలో టైరు ప్రస్తావన వచ్చేది రెండే సందర్భాల్లో: పంక్చర్ పడినప్పుడు, కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు. మిగతా రోజుల్లో దాని సంగతి ఎవరికీ పట్టదు. బండి మొత్తంలో నేలను తాకేది అదొక్కటే. కారు టైరు ఒక్కోటి రోడ్డును తాకే చోటు అరచేయంత ఉంటుంది. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వానలో ఆగాలన్నా ఆ నాలుగు అరచేతులే ఆధారం.

గాలి టైరు వాడుకలోకి వచ్చిందే ఒక ఇంటి అవసరంతో. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, తన కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోందని దాని చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. అంతకు ముందే, 1845లో, రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఇలాంటి దానికి పేటెంటు తీసుకున్నా అది వాడుకలోకి రాలేదు. ఇప్పటికీ సూత్రం అదే. బండి బరువును మోసేది గాలి; రబ్బరూ, అందులోని నైలాన్ దారాలూ, ఉక్కు తీగలూ ఆ గాలిని పట్టి ఉంచడానికే. గాలి తగ్గితే ఆ బరువు రబ్బరు మీద పడుతుంది, రబ్బరు వేడెక్కుతుంది. టైరుకు మేకు కంటే వేడే పెద్ద శత్రువు. కింద చెప్పిన వాటిలో చాలావి ఈ ఒక్క సంగతి నుంచి వచ్చినవే.

1. గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. నాలుగు కిలోమీటర్లు నడిపాక చూస్తే మీటరు ఎక్కువ అంకె చూపిస్తుంది, ఎందుకంటే టైరు వేడెక్కి లోపలి గాలి పీడనం పెరిగి ఉంటుంది. అందుకే ఇంట్లో సొంతంగా ఒక గేజీ ఉండాలి. ఆటోమొబైల్ షాపుల్లో కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. వాల్వు టోపీ తిప్పి తీసి, గేజీని వంకర లేకుండా నిటారుగా అదమండి. మొదట ‘తుస్సు’మంటుంది, గట్టిగా కూర్చోగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు వస్తూనే ఉంటే గాలి పక్కనుంచి పోతోందన్నమాట. ఆ అంకెను నమ్మకండి. ఇంటి దగ్గర 28 చూపించింది, ఉండాల్సింది 33 అనుకోండి. అయిదు పాయింట్లు (పీఎస్‌ఐ) తక్కువ. బంకుకు వెళ్లేసరికి టైరు కాస్త వేడెక్కి అక్కడి మీటరు 30 చూపించినా, దాని మీద అయిదు కలిపి 35 పెట్టించండి. చల్లబడ్డాక సరిగ్గా కుదురుతుంది.

పంక్చర్ లేకపోయినా టైరులో గాలి నెలకు ఒకటి రెండు పాయింట్లు దానంతటదే తగ్గుతుంది. పదిహేను రోజులకోసారి చూసుకోవడం మంచి అలవాటు. ఊరికి బయల్దేరే రోజైతే తప్పనిసరి. చూశాక టోపీ మళ్లీ బిగించడం మరవద్దు. అది లేకపోతే దుమ్మూ బురదా వాల్వు పిన్నులో చేరి గాలి నెమ్మదిగా కారడం మొదలవుతుంది.

2. ఎంత గాలి పెట్టాలో బంకు కుర్రాణ్ణి అడక్కండి, మీ బండినే అడగండి. కారుకైతే డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో స్టిక్కరు ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, అయిదుగురు ఎక్కి సామాను వేస్తే ఎంత అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. టైరు మీద అచ్చయి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పీడనం. అది మీ బండికి పెట్టమని చెప్పే అంకె కాదు.

స్కూటర్ల సంగతి ఇంకా తేడాగా ఉంటుంది. మనం ఎక్కువగా వాడే రకాల్లో ముందు టైరుకు 22, వెనక టైరుకు ఒక్కరే నడిపితే 29, వెనక మనిషి కూర్చుంటే 36 దాకా చెప్పిన బళ్లు ఉన్నాయి. రోజూ పిల్లలను బడిలో దింపే బండికి, ఆఫీసుకు ఒంటరిగా వెళ్లే బండికి గాలి ఒకటే ఉండకూడదు. రెండు టైర్లకూ కళ్లు మూసుకుని ఒకే అంకె కొట్టించడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. బండితో ఇచ్చిన పుస్తకం ఒక్కసారి తెరిచి ఆ అంకెలు డిక్కీ మూత లోపల రాసి పెట్టుకోండి.

3. ఎండాకాలం కదా అని గాలి తగ్గించి పెట్టకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ‘ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుంది, రెండు పాయింట్లు తగ్గించు’ అనే సలహా రెంటచింతల నుంచి రామగుండం దాకా వినిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. గాలి తక్కువైన టైరు నేలను తాకిన ప్రతిసారీ ఎక్కువగా నలుగుతుంది, పైకి లేవగానే మళ్లీ సాగుతుంది. మామూలు కారు చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు పదకొండు సార్లు తిరుగుతుంది. అంటే టైరు పక్క భాగం సెకనుకు పదకొండు సార్లు వంగి లేస్తోందన్నమాట. ఆ వంపు నుంచే వేడి పుడుతుంది. కిందనుంచి రోడ్డు వేడి, పైనుంచి ఎండ, లోపల ఈ వేడి, దానికి తోడు బండి నిండా జనం. రబ్బరుకూ దారాలకూ మధ్య పట్టు సడలి, బలహీనమైన చోట టైరు విచ్చుకుంటుంది. మనం పేలడం అంటున్నది ఇదే.

ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కారు టైరులో పీడనం పెరిగేది ఒకటిన్నర పాయింట్లకు కాస్త అటూఇటూ. ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే తయారీదారులు చల్లటి టైరుకు ఇంత అని చెప్పారు. కాబట్టి దారి మధ్యలో ఆగి, మీటరు ఎక్కువ చూపిస్తోందని వేడి టైరులోంచి గాలి తీసేయడం అన్నిటికంటే ప్రమాదం. చల్లారాక ఆ టైరులో గాలి చాలదు.

హైదరాబాదు నుంచి విజయవాడకో, విశాఖకో ఎండలో వెళ్తుంటే టీకి ఆగినప్పుడు నాలుగు టైర్ల దగ్గరా చేతి వెనక భాగం పెట్టి చూడండి. మూడింటికంటే ఒకటి బాగా వేడిగా ఉందంటే అందులో గాలి తగ్గుతూనైనా ఉండాలి, అక్కడ బ్రేకు పట్టేసైనా ఉండాలి. రెండూ అశ్రద్ధ చేయదగ్గవి కావు.

4. నైట్రోజన్ కొట్టిస్తే తప్పేం లేదు, కొట్టించకపోయినా కొంప మునగదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. విమానాల టైర్లకు అదే నింపుతారు, ఎందుకంటే అక్కడ తేమ, మంట రెండూ పెద్ద సమస్యలు. ఇంటి కారుకు మామూలు గాలి సమయానికి కొట్టిస్తే చాలు. ‘నైట్రోజన్ ఉంది కదా’ అని మూడు నెలలు చూడకుండా వదిలేయడమే నష్టం.

5. టైరు పక్కన రాసింది చదవడం ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. ఆదివారం పూట బండి కడిగేటప్పుడు తడిగుడ్డతో పక్క భాగం తుడిస్తే అక్షరాలు పైకి తేలతాయి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న నిర్మాణం అది. 15 అన్నది రిమ్ము కొలత, అంగుళాల్లో. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోయగలదని సూచించే అంకె. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. చిన్న స్కూటర్ల మీద 53జె అని కనిపిస్తే 206 కిలోలు, గంటకు 100 కిలోమీటర్లు అని అర్థం.

షాపువాడు ‘ఇదే సైజు సార్’ అన్నప్పుడు మొదటి మూడు అంకెలు చూసి ఊరుకోకండి. బరువు అంకె, వేగం అక్షరం పాత దానికంటే తగ్గకూడదు. ముఖ్యంగా ఊళ్ల మధ్య ట్రిప్పులు తిప్పే వ్యానులకు, ఆటోలకు.

6. ఆ రాతల పక్కనే చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. కొత్త టైరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. ఏడాదికి మించి పాతబడిన సరుకైతే వేరేది అడిగితే తప్పులేదు. అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా చూపించుకోవాలి. పదేళ్లు దాటితే పైకి ఎంత బాగున్నా తీసేయాలి. తక్కువ తిరిగే కార్లలో చిక్కు ఇక్కడే వస్తుంది. గుడికీ పెళ్లిళ్లకూ మాత్రమే తీసే కారు టైర్లు అరగవు, కానీ ముసలివవుతాయి. రబ్బరు పగలకుండా కాపాడే మైనం లాంటి పదార్థాన్ని తయారీలోనే కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతుంటేనే అది పైపొరకు వస్తూ ఉంటుంది. నిలబెట్టేసిన బండిలో అది రాదు. గాలిలోని ఓజోను, ఎండ కలిసి సన్నటి బీటలు తెస్తాయి. అమెరికా వెళ్లిన పిల్లల కారు అమ్మానాన్నల దగ్గర షెడ్డులో ఉంటే, వారానికోసారి నాలుగడుగులైనా నడిపించండి.

7. బటన్లు ఎలా అరిగాయో చూస్తే జబ్బు తెలిసిపోతుంది. నడుమ భాగం ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైంది. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయింది. చెయ్యి పెట్టి నిమిరితే ఎగుడుదిగుడుగా మచ్చలు మచ్చలుగా తగిలితే బ్యాలెన్సింగో, షాక్ అబ్జార్బరో చూపించాలి. టైరు మార్చి, జబ్బును అలాగే వదిలేస్తే కొత్త టైరు కూడా అలాగే అరుగుతుంది.

8. ఎప్పుడు మార్చాలో టైరే చెబుతుంది. గాళ్ల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో తెలియడానికి టైరు అంచున టీడబ్ల్యూఐ అనో, చిన్న త్రికోణమో అచ్చు వేసి ఉంటుంది. బటన్లు అరిగి ఆ గట్లకు సమానంగా వచ్చాయంటే టైరు పని అయిపోయినట్టే. కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్లు, ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 0.8 మిల్లీమీటర్ల లోతు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. నా మట్టుకు నేను వానాకాలానికి ముందు అంతదాకా ఆగను. గాళ్లు లోతుగా ఉంటేనే నీరు వాటిలోంచి పక్కకు పోతుంది. లేదంటే టైరు నీటి పొర మీదికి ఎక్కేస్తుంది, అప్పుడు స్టీరింగుకూ బ్రేకుకూ పట్టు ఉండదు.

9. పంక్చర్ వేయిస్తున్నప్పుడు పక్కనే నిలబడండి. టీ తాగడానికి వెళ్లిపోకండి. ట్యూబ్‌లెస్ టైరుకు బయటనుంచి స్ట్రిప్ పొడిచి మూసేయడం అయిదు నిమిషాల పని. బటన్ల మధ్య చిన్న మేకు దిగితే అది సరిపోతుంది, కానీ దూర ప్రయాణాలు చేసే బండికి టైరు విప్పించి లోపల ప్యాచ్ వేయించడం మేలు. పక్క భాగంలో చిల్లు పడితే ఏ ప్యాచూ పనికిరాదు. అక్కడ రబ్బరు పలచన, పైగా ప్రతి చుట్టుకూ వంగే చోటు.

టైరు విప్పాక లోపలికి తొంగి చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలి ఉందా? చేతికి మెత్తగా అంటుతుందా? అలా ఉంటే గాలి లేకుండా ఆ టైరు కొంత దూరం నడిచిందని, పక్క భాగం లోపల నలిగి పోయిందని అర్థం. బయటికి ఏమీ కనిపించదు. అలాంటి టైరుకు పంక్చర్ వేసి మళ్లీ హైవే ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. మంచి మెకానిక్కు ఆ పొడిని చూపించి ‘ఇది వద్దండీ’ అంటాడు. అలాంటి వాడి ఫోన్ నంబరు దాచుకోండి.

10. స్టెప్నీకీ గాలి కొట్టించండి. నాలుగు టైర్లు చూసి అయిదోదాన్ని మరిచేవాళ్లే ఎక్కువ. దానికి రెండు మూడు పాయింట్లు ఎక్కువే పెట్టించుకోవచ్చు, వాడేటప్పుడు తగ్గించుకోవచ్చు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం నిబంధనలు సవరించింది. మీ కొత్త కారులో స్టెప్నీ ఉందో, కిట్టు ఉందో డిక్కీ ఎత్తి ఈరోజే చూడండి. స్టెప్నీ ఉంటే జాకీ ఎక్కడ ఆనించాలో, నట్లు ఎలా విప్పాలో పట్టపగలు ఇంటి ముందు ఒకసారి చేసి చూసుకోండి, ఇంట్లో కారు నడిపే ఆడవాళ్లతో సహా. నట్లు కొద్దిగా సడలించాల్సింది జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉన్నప్పుడే.

11. రెండు టైర్లే మార్చగలిగితే కొత్తవి వెనక వేయించండి. ‘ఇంజిను ముందుంది కాబట్టి కొత్తవి ముందుకు’ అని చాలామంది అంటారు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది. దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల అయ్యే పని కాదు.

12. పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించండి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే దాన్ని చూసి బిగించాలి. మోటారు సైకిలు టైర్లకు ఈ బాణం చూడడం మరీ ముఖ్యం.

13. కొనేటప్పుడు బిల్లు లేకుండా కొనకండి. బిల్లు మీద టైరు వరుస సంఖ్య రాయించండి. తయారీ లోపం బయటపడితే వారంటీ అడగడానికి అదే ఆధారం. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, మన దేశంలో అమ్మే వాహనాల టైర్లకు అది తప్పనిసరి. ధరలు ఎందుకు ఇలా పెరుగుతాయని అడుగుతుంటారు. సహజ రబ్బరు ఎక్కువగా కేరళ తోటల నుంచి, తర్వాత త్రిపుర నుంచి వస్తుంది. కృత్రిమ రబ్బరూ, టైరుకు నలుపునూ గట్టిదనాన్నీ ఇచ్చే కార్బన్ బ్లాకూ పెట్రోలియం నుంచి వస్తాయి. అటు తోటల్లో వానలు, ఇటు ముడి చమురు ధర, రెండూ టైరు మీద పడతాయి. కార్బన్ బ్లాకు కలపని తొలినాళ్ల టైర్లు లేత రంగులో ఉండేవి. మిషెలిన్ కంపెనీ ప్రచారానికి 1898లో పుట్టిన టైర్ల బొమ్మ మనిషి ఇవాళ్టికీ తెల్లగా ఉండటానికి కారణం అదే.

టైర్లు మన నేల మీదా తయారవుతున్నాయి: సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో 2020లో మొదలైన అపోలో. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో 2022లో తెరిచిన యోకోహామా వారి ఫ్యాక్టరీలో పొలం, గనుల యంత్రాల టైర్లు చేస్తారు. ఒక్కో టైరు వెనక ఇంత పరిశ్రమ ఉందని, మన పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారని తెలిస్తే దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ టైర్లతో మాత్రం చాలా జాగ్రత్త. అరిగిన టైరుకు వేడి బ్లేడుతో గాళ్లు మళ్లీ కోసి, నల్ల రంగు పూసి అమ్మేవాళ్లున్నారు. గాడి అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉండి, అడుగున దారాలు కనిపిస్తుంటే, గట్లు ఎక్కడా లేకపోతే అది కోసిన టైరు. లారీల సంగతి వేరు. పెద్ద టైర్ల లోపలి కట్టుబడి గట్టిది, వాటికి కొత్త రబ్బరు పొర వేసే రీట్రేడింగ్ పద్ధతిగా జరిగే పని, దానితో ఎంతో రబ్బరు ఆదా అవుతుంది. స్టీరింగు ఉన్న ముందు చక్రాలకు మాత్రం అలాంటి టైర్లను వేయకపోవడం మంచిది.

14. కిరోసిన్, డీజిల్, పెట్రోలుతో టైర్లు తుడవకండి. మెరుపు రావచ్చు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బు నీళ్లు చాలు. స్కూటరు టైరు మీద పాలిష్ అసలే వద్దు. అది అంచులకు పాకితే మలుపులో జారుతుంది.

15. పొలం ఉన్నవాళ్లకు: ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్లు నింపేటప్పుడు ముప్పాతిక వంతుకు మించకండి. పైన గాలికి చోటు లేకపోతే గతుకుల్లో దెబ్బ నేరుగా టైరుకే తగులుతుంది. దుక్కికి తగ్గించిన గాలిని తారు రోడ్డు ఎక్కేముందు పెంచండి. ధాన్యం ట్రాలీకీ, ఎడ్లు లాగే టైరు బండికీ కూడా గాలి చూడాలి. టైరు బండిలో గాలి తగ్గితే ఆ భారం ఎద్దుల మెడ మీదికే పోతుంది, అవి నోరు తెరిచి చెప్పలేవు.

16. నడుస్తుండగా టైరు పేలితే బ్రేకు మీద కాలు వేయకండి. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా, నేరుగా పట్టుకోండి. యాక్సిలరేటరు నుంచి కాలు మెల్లగా తీయండి. వేగం దానంతటదే బాగా తగ్గాక ఎడమ అంచుకు తీసుకెళ్లి ఆపండి. అందర్నీ దింపి రోడ్డుకు దూరంగా, రెయిలింగు అవతల నిలబెట్టండి. ఇంట్లో బండి నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ తాళాలు ఇచ్చేముందు ఇది నేర్పండి.

17. భోగి మంటలో టైరు వేయకండి. పిడకలు, ఎండు కట్టెలు, తాటాకులు వేసుకునే పండగలోకి టైర్లు ఎప్పుడు వచ్చాయో గానీ, తెల్లవారుజామున ఆ నల్లటి పొగ వీధంతా కమ్మేస్తోంది. రబ్బరులో గంధకం ఉంటుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని రబ్బరుతో కలిపి వేడి చేశాకే రబ్బరు ఎండకు కరగకుండా, చలికి పగలకుండా నిలిచింది. టైరు మండితే ఆ గంధకం ఊపిరితిత్తులను మండించే సల్ఫర్ డయాక్సైడుగా వస్తుంది. బెంజీను, క్యాన్సరు తెచ్చే ఇతర రసాయనాలు, మసి దానికి తోడు. మంట చుట్టూ చలి కాచుకునేది పసిపిల్లలు, పండగకు వచ్చిన తాతమ్మలు, ఉబ్బసం ఉన్నవాళ్లు. టైరు లేకుండా మంట నిలబడదా? మన పెద్దలకు నిలబడింది.

పాత టైరును కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి. పాత టైర్లను తిరిగి వాడుకలోకి తెచ్చే బాధ్యత తయారీదారుల మీద పెడుతూ 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటిని పొడి చేసి తారులో కలిపి రోడ్లకు వాడే పద్ధతి ఉంది. మీ టైరు అక్కడికి చేరితే మళ్లీ పనికొస్తుంది.

18. పాత టైర్లు ఇంట్లోనే ఉంచుకుంటే వాటిలో నీళ్లు నిలవనివ్వకండి. రేకుల షెడ్డు ఎగిరిపోకుండా పైన పెట్టిన టైర్లు, పెరట్లో గోడకు ఆనించినవి, అపార్టుమెంటు సెల్లారులో ఒక మూల పడేసినవి, ఒక్క వాన పడితే చాలు, అన్నీ డెంగీ దోమకు పుట్టిళ్లే. టైరును ఎటు తిప్పి పెట్టినా లోపల కొంత నీరు నిలుస్తుంది. చీకటి, నీడ, కదలని నీళ్లు ఏడిస్ దోమకు కావాల్సినవి అవే. దాని గుడ్లు నీటి అంచుకు కాస్త పైన టైరు లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఒంపేసినా పోవు, నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ వాన పడగానే పొదుగుతాయి. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఏడిస్ రకానికే చెందిన ఆసియా పులి దోమ పాతుకుపోయినట్టు కనుగొన్నారు. అది సముద్రం దాటింది ఆసియా నుంచి దిగుమతైన పాత టైర్లలోనే.

కాబట్టి శుక్రవారం, నిలవ నీళ్లు పారబోసే డ్రై డే నాడు పూలకుండీల పళ్లేలతో పాటు టైర్లూ చూడండి. నీళ్లు పారబోసి, లోపలి గోడను గట్టి బ్రష్షుతో ఒకసారి రుద్దండి. షెడ్డు మీద తప్పక ఉంచాల్సినవాటికి అడుగున నాలుగైదు చోట్ల డ్రిల్లుతో పెద్ద చిల్లులు వేయండి, లేదా నిండా మట్టి నింపేయండి. మట్టి నింపి బంతి, చామంతి నాటుకోవచ్చు. ఆకుకూరలు మాత్రం వద్దు; టైరు రబ్బరులో జింకు, నూనెలు, రకరకాల రసాయనాలు ఉంటాయి, అవి మట్టిలోకి దిగే చోట పాలకూర పెంచడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు చెట్టుకు ఊయల కడితే కిందివైపు చిల్లు వేశాకే కట్టండి.